రెజ్యూమేలో 14 స్కిల్స్, ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే బోల్తా

హాస్టల్‌పక్షి:
అన్నలూ, అక్కలూ, నాది 2024 మెకానికల్ బీటెక్. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఆరు నెలలు జావా ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్‌లో కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ రాయడం) నేర్చుకున్నాను. మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా కొత్త కోర్సు బోర్డే, టెన్షన్‌తో చూసినవన్నీ రెజ్యూమేలో ఎక్కించాను. నిన్న ఓ చిన్న కంపెనీలో వాటిలో ఒక్కటే అడిగారు, ఎస్‌క్యూఎల్, అదే డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష. కస్టమర్ల టేబుల్, ఆర్డర్ల టేబుల్ ఇచ్చి, ఒక్క ఆర్డరూ పెట్టని కస్టమర్లను తీయమన్నారు. ‘నాట్ ఇన్’ వేసి, ఆర్డర్లలోని కస్టమర్ ఐడీల జాబితాలో లేనివాళ్లను చూపించమని రాశాను. ఒక్క వరుస కూడా రాలేదు. ఎందుకు రాలేదన్నారు. నోరు పెగల్లేదు. నాన్న ఫోన్ చేస్తే బాగానే చేశానని చెప్పా. ఇప్పుడు డెవాప్స్ (రాసిన సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లకు ఎక్కించి నడిపే పని) కోర్సుకి 20 వేలు అడుగుతున్నారు. చేరనా?

పాతకాపు:
తమ్ముడూ, ఆ 20 వేలు జేబులోనే ఉంచుకో. నాలుగేళ్లుగా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను, ఇదే ప్రశ్న నేనూ అడుగుతాను. ఆర్డర్ల టేబుల్లో కస్టమర్ ఐడీ నల్‌గా ఉన్న వరుస ఒక్కటున్నా చాలు, ‘నాట్ ఇన్’ ఎవర్నీ చూపించదు. నల్ అంటే విలువ తెలియదని. తెలియనిదాంతో పోల్చి ‘ఇది అది కాదు’ అని డేటాబేస్ ఖాయంగా ఎలా చెబుతుంది? ఒక్కో కస్టమర్‌కీ సరిపోయే ఆర్డర్ వరుస ఉందా లేదా అని మాత్రమే చూసే ‘నాట్ ఎగ్జిస్ట్స్’ వాడితే ఆ బెడద ఉండదు.

ఇది నోటికి రాకపోయినా నాకు పట్టింపు లేదు. ఖాళీ రిజల్ట్ వచ్చాక కుర్రాళ్లు ఏం చేస్తారో చూస్తాను. మొన్నొకమ్మాయికి జవాబు తెలియదు. లోపలి క్వెరీని, అంటే ఆర్డర్ల నుంచి ఐడీలు తెచ్చే భాగాన్ని, విడిగా రన్ చేసి, ఒక్కో వరుసా చూసుకుంటూ పోయి, ‘సార్, ఇక్కడొకటి ఖాళీగా ఉంది, దీనివల్లేనా?’ అంది. తీసుకున్నాం. 14 స్కిల్స్ రాసినవాళ్లను చూస్తే అసలేదైనా వచ్చా అని అనుమానం వస్తుంది నాకు. నాలుగు ఉంచు.

టెస్టింగ్ అక్క:
పాతకాపు గారూ, మీదాకా వస్తే కదా! చాలాచోట్ల ముందు రెజ్యూమేలో పదాలు చూసే వడపోస్తారు. డాకర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి ప్యాక్ చేసి నడిపేది), గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచేది) లాంటివి తీసేస్తే అక్కడే ఆగిపోతాడు. తమ్ముడూ, ఫీజు కట్టొద్దు గానీ నీ ప్రాజెక్టునే డాకర్‌లో నడిపి చూడు, దాని డాక్యుమెంటేషన్ ఆన్‌లైన్‌లో ఫ్రీనే. ఇంకొకటి, రాయడం నేర్చుకో. మా టీమ్‌లో ఓ ఫ్రెషర్ ‘లాగిన్ పని చేయట్లేదు’ అని బగ్ పెట్టి వదిలేశాడు. ఏ బ్రౌజర్, ఏ యూజర్, ఏం నొక్కాడు, ఏ ఎర్రర్ వచ్చింది, ఏదీ లేదు. డెవలపర్‌కీ నాకూ సగం పూట పోయింది.

హాస్టల్‌పక్షి:
థాంక్స్ అన్నా, అక్కా. రాత్రి ల్యాప్‌టాప్‌లో ఆరు ఆర్డర్లతో టేబుల్ చేసి, ఒకదాంట్లో కావాలనే నల్ పెట్టాను. అచ్చం నిన్నటిలాగే ఒక్క వరుసా రాలేదు! ‘నాట్ ఎగ్జిస్ట్స్’తో వచ్చాయి. కానీ అన్నా, వరుసలు లెక్కపెట్టే ‘కౌంట్’లో స్టార్ పెడితే 6, కస్టమర్ ఐడీ పెడితే 5 వస్తోంది. ఇదీ ఆ నల్ పనేనా?