మోకాలు మొరాయిస్తోంది: వంగే మూడు చక్రాల బండి లాక్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

నాకు 66 ఏళ్లు. నా రెండు చక్రాల బండి నడుపుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, ఆపేటప్పుడే టెన్షన్. ఎడమ మోకాలు బరువు ఆపడం లేదు. గత నాలుగు నెలల్లో రెండుసార్లు నిలబడి ఉన్న బండే పక్కకు ఒరిగిపోయింది. సీటు ఎత్తు తగ్గించాను, మందం అడుగున్న బూట్లు వేశాను, ఫిజియోథెరపీ కూడా చేయించుకున్నాను. పెద్దగా తేడా లేదు.

సైడ్‌కార్ నాకొద్దు, మలుపులో బండి వంగాల్సిందే. అందుకే ముందు రెండు చక్రాలుండి వంగే బండ్లు చూస్తున్నాను. యమహా నికెన్‌కి వంపును బిగించే లాక్ లేదు, ఆగితే కాలు దించాల్సిందే. పైగా బరువు 260 కిలోల పైమాటే. పియాజియో ఎంపీ3, యమహా ట్రైసిటీ 300లకు ఆ లాక్ ఉంది.

ట్రైసిటీ 300ని అరగంట నడిపి చూశాను. చదును రోడ్డు మీద లాక్ బాగానే పట్టింది. పక్కవాలు ఉన్నచోట మాత్రం బండి కొంచెం ఒరిగి ఉండగా నొక్కాను, ఆ ఒరుగులోనే బిగుసుకుంది. భయపడి మళ్లీ ఎడమ కాలే దించాను.

మోకాలి నొప్పితో ఇలాంటి బండి రోజూ నడిపేవారు చెప్పండి: పక్కవాలు రోడ్డు మీద కాలు దించకుండా, లాక్‌తోనే నిటారుగా ఆపగలుగుతున్నారా?