కుక్కపిల్ల ఇంటికి వచ్చేలోగా ఏమేం కొనాలి, ఏవి కొననక్కరలేదు?

ప్రశ్న: మూడో అంతస్తు, కూకట్‌పల్లి

మాది కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాటు. నేను వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను, మావారు రోజూ ఆఫీసుకు వెళ్తారు, పాప నాలుగో తరగతి చదువుతోంది, అత్తగారు మాతోనే ఉంటారు. పాలకొల్లు దగ్గర మా పెదనాన్నగారింట్లో పెంచుకుంటున్న నాటు కుక్క ఈమధ్య పిల్లలు పెట్టింది. వాటిలో ఎడమ చెవి మీద నల్లమచ్చ ఉన్న ఆడపిల్లను మా పాప వీడియో కాల్‌లో చూసి అదే కావాలని పట్టుబట్టింది. ఇప్పుడు వాటికి ఐదు వారాలు నిండాయి. "అన్నం మెతుకులు తింటున్నాయి, ఎప్పుడైనా వచ్చి తీసుకువెళ్ళండి" అని పెదనాన్నగారు అంటున్నారు. మరో మూడు వారాల్లో దీపావళికి ఎలాగూ ఊరు వెళ్తాం కనుక, తిరుగు ప్రయాణంలో కారులో తెచ్చుకుందామా లేక ముందే వెళ్ళి తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నాం.

మొన్న పెంపుడు జంతువుల సామాన్లమ్మే ఒక దుకాణానికి వెళ్ళి ఏమేం కావాలని అడిగితే గుండ్రటి దూది పరుపు, ఇనుప బోను, చలికోటు, షాంపూ, పౌడరు, పాలపొడి, కాల్షియం సిరప్, పళ్ళ బ్రష్షు, నమిలే ఎముకలు, ఇంకా నాకు పేర్లు కూడా గుర్తులేని మరికొన్ని కలిపి పదహారు వేలు దాటే జాబితా రాసి ఇచ్చారు. ఏమీ కొనకుండా వచ్చేశాం. వీటిలో మొదటి నెలకు నిజంగా అవసరమైనవేవి? టైల్స్ నేల, చిన్న బాల్కనీ, విడిగా పూజగది ఉన్న ఇంట్లో ముందుగా ఏ ఏర్పాట్లు చేసుకోవాలి? ఫ్లాట్లలో పెంచుతున్నవారు, ముఖ్యంగా నాటు కుక్కను పెంచుతున్నవారు చెబితే మేలు.

జవాబు 1: వేపచెట్టు నీడ, హనుమకొండ

ఆ జాబితా చూస్తే కుక్కపిల్ల కోసం కాక దుకాణం అద్దె కోసం రాసినట్టుంది. చలికోటు మన ఊళ్ళలో నాటు కుక్కకు ఎందుకో నాకు అర్థం కాదు, పౌడరు సంగతి అసలే అడగకండి.

మొదట రెండు స్టీలు గిన్నెలు కొనండి, ఒకటి నీళ్ళకు, ఒకటి తిండికి. వంటింట్లోని పల్చటి గిన్నె పెడితే పిల్ల మూతి ఆనించిన ప్రతిసారీ అది టైల్స్ మీద జారిపోతుంది, పిల్ల దాన్ని నెట్టుకుంటూ గోడదాకా వెళ్ళి అక్కడ తింటుంది. అందుకని అడుగున రబ్బరు పట్టీ ఉన్న, కాస్త బరువైన గిన్నెలు చూడండి. ప్లాస్టిక్‌వి వద్దు, అంచులు కొరికి ముక్కలు మింగుతుంది. పరుపు కూడా ఇప్పుడే వద్దు. దంతాలు వస్తున్న వయసులో పరుపు చింపి దూది బయటకు లాగని పిల్ల అరుదు, ఆ దూది కడుపులోకి పోతే ఆసుపత్రి ఖర్చు పరుపు ఖరీదును మించుతుంది. పాత నేత చీరలు నాలుగు మడతలు వేసి గోనెపట్టా మీద పరిస్తే చాలు, తడిసినా ఉతికి ఆరేసుకోవచ్చు. వీలైతే ఒక పాత గుడ్డ ఇప్పుడే పెదనాన్నగారింటికి పంపి, మీరు వెళ్ళేదాకా తల్లి పడుకునే చోట వేసి ఉంచమనండి. తల్లి వాసన పట్టిన ఆ గుడ్డ కొత్త ఇంట్లో మొదటి రాత్రులు పిల్లకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

మెడకు మెత్తటి నైలాను పట్టీ, దానికి మీ ఫోను నంబరు చెక్కించిన బిళ్ళ కావాలి. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. ఈ వయసులో మెడ త్వరగా పెరుగుతుంది కనుక వారం వారం సరిచూసుకోవాలి. ఇనుప గొలుసు మాత్రం కొనకండి, ఆ బరువుకు పిల్ల తల ఎత్తుకోలేదు. బోను నేను ఎన్నడూ వాడలేదు. హాలు మూలన మడతపెట్టే కంచె పెట్టుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే నేల మీద పెట్టండి. నున్నటి టైల్స్ మీద పిల్ల పరుగెత్తినప్పుడు వెనుక కాళ్ళు రెండూ చెరోవైపుకు జారుతాయి, ఎదిగే కీళ్ళకు అది మంచిది కాదు. అది ఎక్కువగా తిరిగే దారి పొడవునా రబ్బరు చాపలు పరవండి. బాల్కనీ కటకటాల సందుల్లోంచి పిల్ల తల దూరుతుందేమో చూసి, దూరేలా ఉంటే కింది రెండడుగుల మేర వల కట్టించండి. బట్టల అలమరాలో కలరా ఉండలు, వంటింటి గట్టు కింద బొద్దింకల సుద్ద, ఎలుకల మందు ఉంటే ఈ మూడు వారాల్లోనే తీసేయండి. పూజకు పూలకోసం బాల్కనీలో గన్నేరు పెంచుతున్నట్లయితే ఆ కుండీ ఎవరికైనా ఇచ్చేయడమే మేలు. ఎర్ర గన్నేరైనా పచ్చ గన్నేరైనా ఆకు, పువ్వు, కాయ అన్నీ గుండెకు విషమే. పూజగదిలో కర్పూరం, నూనెలో తడిసిన ఒత్తులు, ప్రసాదంలోని ఎండుద్రాక్ష పిల్లకు అందే ఎత్తులో ఉండకూడదు. చక్రపొంగలిలో నాలుగు ఎండుద్రాక్షలే కదా అనుకుంటాం గానీ, ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. పూజగది గుమ్మానికి మోకాలెత్తు చెక్క తలుపు పెట్టిస్తే మీ అత్తగారికీ మడి భయం ఉండదు.

జవాబు 2: పశువైద్యుడు, ఏలూరు

మీరు సామాన్ల గురించే అడిగారు గానీ, నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది వయసు. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లను తల్లి నుంచి వేరు చేయకండి. మెతుకులు తినడం మొదలుపెట్టిందంటే తల్లి అవసరం తీరిందని కాదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో పిల్ల తన తోబుట్టువులతో ఆడుకుంటూ ఈ మూడు వారాల్లోనే నేర్చుకుంటుంది. అది నేర్వకుండా వచ్చిన పిల్ల మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది. మన దేశంలో కుక్కలను పెంచి అమ్మేవారికి వర్తించే 2017 నాటి కేంద్ర నిబంధనలు కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదనే చెబుతున్నాయి. మీకు అవి వర్తించకపోయినా ఆ గడువు వెనుక ఉన్న కారణం మాత్రం వర్తిస్తుంది. దీపావళికి సరిగ్గా ఎనిమిది వారాలు నిండుతాయి కనుక మీ మొదటి ఆలోచనే సరైనది.

ఈలోగా పెదనాన్నగారిని దగ్గరలోని పశువైద్యశాలకు పిల్లలన్నిటినీ, తల్లినీ తీసుకువెళ్ళి నట్టల మందు వేయించమనండి. రెండు వారాల వయసు నుంచి పన్నెండో వారం దాకా పదిహేను రోజులకోసారి, ఆ తరువాత ఆరు నెలలు నిండేవరకు నెలకోసారి ఈ మందు వేయించాలి. డిస్టెంపర్, పార్వో వంటి వ్యాధులకు మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య వేయించి, మూడు నాలుగు వారాల ఎడంతో 16 వారాలు నిండేదాకా కొనసాగించాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పట్టదు, ఆ రక్షణ ఏ పిల్లకు ఏ వారంలో తగ్గిపోతుందో బయటి నుంచి చూసి చెప్పలేం. ఒక్క టీకాతో సరిపెట్టక మళ్ళీ మళ్ళీ వేయడానికి కారణం ఇదే. రేబిస్ టీకా 12 వారాలు నిండాక వేయిస్తారు. అప్పటిదాకా పిల్ల కొరికినా, గోళ్ళు గీసుకున్నా పుండును సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి. ఇంటి పిల్లే కదా అన్న ధీమా వద్దు.

పార్వో గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువగా పోగొట్టుకునేది దీనివల్లే. నెత్తురు కలిసిన విరేచనాలు, ఆగని వాంతులు దీని లక్షణాలు, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, ఫినాయిలుతో తుడిస్తే చావదు. మీ ఫ్లాటులో ఇంతకుముందు ఎవరైనా కుక్కను పెంచారేమో కనుక్కోండి. పెంచి ఉంటే ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి 30 పాళ్ళ నీళ్ళు కలిపి, నేల శుభ్రంగా కడిగాక ఆ నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడగండి. కారులో వచ్చేటప్పుడు సూర్యాపేట దగ్గర ధాబాలో ఆగితే పిల్లను కిందికి దించకండి, అక్కడ పది ఊళ్ళ కుక్కలు తిరుగుతుంటాయి. బుట్టలో పాత వార్తాపత్రికలు పరిచి, అది తడిపిన పొరను తీసేస్తూ వస్తే సరిపోతుంది. టీకాలు పూర్తయ్యేదాకా పార్కులో నేల మీద నడిపించకూడదు గానీ, చంకన ఎత్తుకుని వీధి, బైకుల చప్పుడు, కూరగాయల బండి, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు అన్నీ చూపించండి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల ఏది చూస్తే దానికి అలవాటుపడుతుంది, ఆ తరువాత కొత్తదంతా అనుమానమే.

కాల్షియం సిరప్ కొనవద్దు. కుక్కపిల్లలకని తయారైన మేతలో కావలసినంత కాల్షియం ఉంటుంది, దానిపైన సిరప్ పోస్తే ఎదిగే ఎముకలకు మేలు కన్నా కీడే ఎక్కువ. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు విరేచనాలు పట్టిస్తాయి. ఎనిమిది వారాల పిల్లకు పాలపొడి అవసరమే లేదు. పెదనాన్నగారింట్లో తినే తిండినే మొదటి వారం పెట్టి, కొత్త మేతను రోజూ కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. రోజుకు నాలుగు పూటలు పెట్టండి. వండిన ఎముకలు వేయకండి, అవి పుల్లల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. పిడుదుల పౌడరు, మనుషుల నొప్పిమాత్రలు వైద్యుణ్ణి అడగకుండా వాడవద్దు.

జవాబు 3: బీరువా మీద పిల్లి, నిజాంపేట

నేనూ ఫ్లాటులోనే, ఐదో అంతస్తులో, నాటు కుక్కనే పెంచుతున్నాను (పేరు చూసి పొరబడకండి, పిల్లి కూడా ఉంది). వేపచెట్టు నీడ గారితో బోను విషయంలో మాత్రం ఏకీభవించలేను. తలుపు మూసి శిక్షగా వాడితే అది బోనే. తలుపు తీసి ఉంచి, లోపల చీర పరిచి, తిండి అక్కడే పెడుతూ వస్తే వారం తిరిగేసరికి పిల్ల తనంతట తానే వెళ్ళి పడుకుంటుంది. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుంటే చాలు. పెద్దయ్యాక కూడా పనికి రావాలంటే మధ్యలో అడ్డపలక జరుపుకునే రకం తీసుకోండి. మొదటి రాత్రులు దాన్ని హాల్లో ఒంటరిగా వదలక, మీ మంచం పక్కనే బోను పెట్టుకోండి. ఏడిస్తే వేళ్ళు లోపలికి పెట్టి ఊరుకోబెట్టవచ్చు, కింది అంతస్తువారి నిద్ర కూడా పాడవదు.

మూత్రం అలవాటుకు దుకాణాల్లో అమ్మే పీల్చే షీట్లు నగర జీవితానికి అనుకూలమే గానీ, వార్తాపత్రికతోనూ పని జరుగుతుంది. అసలు కిటుకు సమయంలో ఉంది. నిద్ర లేచిన వెంటనే, తిన్న కాసేపటికి, ఆట ఆపిన వెంటనే ఎత్తుకుని బాల్కనీలోని ఒకే చోటుకు తీసుకువెళ్ళాలి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టిందంటే మీకున్నది క్షణాల వ్యవధే. పొరపాటు జరిగితే తిట్టడం, మూతిని అందులో రాయడం ఎందుకూ పనికిరావు, మీకు కనబడకుండా సోఫా వెనుక కానివ్వడం మాత్రం నేర్చుకుంటుంది.

అపార్టుమెంటు సంఘం సంగతి కూడా ముందే చూసుకోండి. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం, లిఫ్టుకు విడిగా రుసుము వసూలు చేసే అధికారం సంఘాలకు లేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఆ కాగితం చేతపట్టుకుని ముందే వాదనకు దిగకుండా, పక్క ఫ్లాటువారికి ఒక మాట చెప్పి, మెట్ల మీద మురికి చేస్తే మేమే శుభ్రం చేస్తామని హామీ ఇచ్చి తెచ్చుకుంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు. జీహెచ్‌ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా ధ్రువపత్రం కావాలి, కాబట్టి టీకాల పుస్తకం జాగ్రత్తగా దాచండి.

ప్రశ్న అడిగినవారు: మూడో అంతస్తు, కూకట్‌పల్లి

అందరికీ ధన్యవాదాలు. గన్నేరు కుండీ ఈరోజే అపార్టుమెంటు గేటు బయట తోట చూసుకునే ఆయనకు ఇచ్చేశాం, కలరా ఉండలు తీసేశాం. పాత చీర ఒకటి పాలకొల్లు వెళ్తున్న బంధువుల చేత పంపుతున్నాం. గిన్నెలు, మెడపట్టీ, రబ్బరు చాపలు, అడ్డపలక ఉన్న బోను కొంటున్నాం, మిగిలిన జాబితా పక్కన పెట్టేశాం. డాక్టర్ గారూ, ఇంకా రెండు సందేహాలు. దీపావళి మర్నాడే బయలుదేరవచ్చా? అత్తగారు తాను రోజూ తినే పెరుగన్నమే దానికీ పెడతానంటున్నారు, పెట్టవచ్చా?

జవాబు: పశువైద్యుడు, ఏలూరు

పండుగ రాత్రి పిల్లలనూ తల్లినీ ఇంటి లోపలి గదిలో, కిటికీలు మూసి, ఫ్యాను చప్పుడు ఉండేలా పెట్టమనండి. మర్నాడు ఊళ్ళో ఇంకా టపాసులు కాలుస్తూనే ఉంటారు, మీ కాలనీలోనూ అంతే. ఎనిమిది నుంచి పది వారాల మధ్య పడిన బెదురు కొన్ని పిల్లలకు చాలాకాలం ఉండిపోతుంది. కొత్త ఇల్లు, కారు ప్రయాణం, టపాసులు మూడూ ఒకేసారి మీద పడకుండా, సెలవు దొరికితే రెండు మూడు రోజులు ఆగి బయలుదేరండి. బయలుదేరే రోజు ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టించండి, దారిలో వాంతులు తగ్గుతాయి.

పెరుగన్నం పెట్టవచ్చు, చాలా పిల్లలకు పాలకన్నా పెరుగు బాగా అరుగుతుంది. కానీ ఎదిగే పిల్లకు అదొక్కటే చాలదు. అందులో ఉడికించిన గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో కలపాలి, లేదా పూటకు సరిపడా మేత విడిగా పెట్టాలి. మాంసం ఇంట్లోకి రానివ్వకపోతే మేతే పెట్టండి, గొడవ ఉండదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినా కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి అన్నంలో పెరుగు కలిపాక ఉప్పు, తాలింపు, ఉల్లి ముక్కలు వేయకముందే దాని వాటా తీసి పక్కన పెట్టమని అత్తగారికి చెప్పండి.