చర్చ: 'కేకేస్ ప్రీస్ట్' అని పేరు పెట్టుకునే హక్కు కె.కె. డౌనింగ్‌కు ఉందా?

జంటతీగలు (చర్చ ప్రారంభించినవారు)

మిత్రులకు నమస్కారం. బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్‌లో 1970 నుంచి నలభై ఏళ్ళ పాటు గిటార్ వాయించిన కె.కె. డౌనింగ్, 2011లో ఆ బ్యాండ్ నుంచి తప్పుకున్న సంగతి ఇక్కడున్న చాలామందికి తెలిసిందే. తొమ్మిదేళ్ళ తరువాత, 2020లో, ఆయన 'కేకేస్ ప్రీస్ట్' పేరుతో సొంత బ్యాండ్‌ను ప్రకటించారు. ప్రీస్ట్ ప్రధాన గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ లేని కాలంలో ఆ బ్యాండ్‌లో పాడిన టిమ్ 'రిప్పర్' ఓవెన్స్‌నే గాయకుడిగా తీసుకున్నారు. డ్రమ్స్‌కు మొదట ప్రకటించిన లెస్ బింక్స్ కూడా 1970ల చివర్లో ప్రీస్ట్‌లో వాయించినవారే. మణికట్టు గాయం వల్ల ఆయన తప్పుకోగా సీన్ ఎల్గ్ వచ్చారు. 2021లో ఒకటి, 2023లో ఒకటి, రెండు ఆల్బమ్‌లు వెలువడ్డాయి.

నిన్న రాత్రి రెండూ వరసగా విన్నాను. వాయించడం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు; డెబ్బై దాటిన మనిషి ట్రెమొలో బార్‌ను (స్వరాన్ని వంచడానికి గిటార్‌కు ఉండే కడ్డీని) అంత కసిగా వంచుతూ సోలో వాయిస్తుంటే ముచ్చటేసింది. పేరు మాత్రం మింగుడు పడటం లేదు. పాత బ్యాండ్ ఇంకా ఆల్బమ్‌లు చేస్తూ, టూర్లు తిరుగుతూ ఉండగా, దాని పేరులో సగం తీసుకుని తన బ్యాండ్‌కు పెట్టుకోవడం న్యాయమేనా? మీ అభిప్రాయాలు తెలపగలరు.

ఇనుపరథం

న్యాయం కాదు. ఆయనను ఎవరూ గెంటివేయలేదు, తానే వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ముప్పై ఒక్కేళ్ళ గిటారిస్టు రిచీ ఫాక్నర్‌ను తెచ్చుకుని, వీడ్కోలు టూర్ అనుకున్నదాన్ని కొత్త జన్మగా మార్చుకుని, 2014లో, 2018లో, 2024లో మూడు ఆల్బమ్‌లు చేసింది ఆ మిగిలినవాళ్ళు. ఆ పేరుకు ఈనాడు ఉన్న విలువలో ఆ శ్రమకూ వాటా ఉంది.

స్లేయర్ బ్యాండ్ గిటారిస్టు కెర్రీ కింగ్‌ను చూడండి. 2019 నవంబరులో స్లేయర్ చివరి కచేరీ అని ప్రకటించినది ముగిశాక, ఆయన కొత్త బ్యాండ్ కట్టుకుని 2024 మే నెలలో ఆల్బమ్ తెచ్చారు. డ్రమ్మర్ స్లేయర్‌లో వాయించిన పాల్ బోస్టాఫే, రిఫ్‌లు (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసలు) వింటే స్లేయరే గుర్తుకు వస్తుంది. అయినా 'కెర్రీస్ స్లేయర్' అని పెట్టుకోలేదు. తన పేరు పెట్టుకున్నారు, మంచైనా చెడైనా దాని మీదే పడుతుంది. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ 1975లో డీప్ పర్పుల్ బ్యాండ్‌ను వదిలినప్పుడు రెయిన్‌బో అని కొత్త పేరు వెతుక్కున్నారే తప్ప, 'రిచీస్ పర్పుల్' అనలేదు.

మంద్రస్థాయి

ఇనుపరథం గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణలు మీకు అనుకూలమైనవి మాత్రమే. 2006లో బ్లాక్ సబ్బత్ బ్యాండ్‌కు చెందిన టోనీ అయోమీ, డియో, గీజర్ బట్లర్ కలిసి వాయించడం మొదలుపెట్టినప్పుడు 'హెవెన్ అండ్ హెల్' అని పేరు పెట్టుకున్నారు. అది ఆ బ్యాండ్ 1980 ఆల్బమ్ పేరు. అంటే పాత బ్యాండ్ ఇంటి పెరట్లోంచే కోసుకున్న పేరు. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు, పైగా గౌరవంగా స్వీకరించారు.

'ప్రీస్ట్' అంటే పూజారి. ఆ మాట మీద ఎవరికీ పట్టా లేదు. ఆ బ్యాండ్‌ను స్థాపించిన మనిషి, పదహారు ఆల్బమ్‌లలో వాయించిన మనిషి, తన పేరును ముందు చేర్చి మరీ పెట్టుకున్నాడు. పోస్టరు చూసినవాడెవడూ హాల్ఫర్డ్ పాడతాడనుకుని టికెట్ కొనడు.

సగంశ్రుతి

రిప్పర్ గొంతు గురించి ఎవరూ మాట్లాడరేమి? అసలు ఆ ఆల్బమ్‌లను నిలబెట్టిందే ఆయన.

పాతరికార్డు

'స్థాపించిన మనిషి' అన్న మాట దగ్గర కాస్త ఆగవలసి ఉంది. జూడాస్ ప్రీస్ట్ అన్న పేరుతో మొదటి బ్యాండ్ 1969లో గాయకుడు అల్ అట్కిన్స్‌ది. ఆ పేరు కూడా బాబ్ డిలన్ పాట ఒకదాని శీర్షికలోంచి తీసుకున్నది. ఆ బ్యాండ్ చెదిరిపోయాక, 1970లో అట్కిన్స్ వచ్చి డౌనింగ్, ఇయాన్ హిల్ వాయిస్తున్న బ్యాండ్‌లో చేరి, తన పాత పేరును వెంట తెచ్చారు. 1973లో ఆయన వెళ్ళిపోయారు, హాల్ఫర్డ్ వచ్చారు, మరుసటి ఏడు రెండో గిటారిస్టు గ్లెన్ టిప్టన్ వచ్చారు, మొదటి ఆల్బమ్ కూడా ఆ ఏడే విడుదలైంది. అట్కిన్స్ ఒక్క ఆల్బమ్‌లోనూ పాడలేదు. కానీ 1976 నాటి 'విక్టిమ్ ఆఫ్ చేంజెస్' పాటలో సగం ఆయన పాత పాటే. రెండో సగం హాల్ఫర్డ్ తన వెనకటి బ్యాండ్ నుంచి తెచ్చినది. ఎవరిది ఏమిటి అని కూర్చుని పంచడం మొదలుపెడితే మొదటి వాటా అట్కిన్స్‌కు పోవాలి.

ఇనుపరథం

ధన్యవాదాలు పాతరికార్డు గారూ. అంటే డౌనింగ్ స్థాపకుడు కూడా కాదన్నమాట. మంద్రస్థాయి గారు ఆ మాటను వెనక్కి తీసుకుంటారా?

మంద్రస్థాయి

తీసుకోను. అట్కిన్స్ తెచ్చింది రెండు ముక్కల పేరు. దానికి ప్రపంచంలో ఒక అర్థం కల్పించింది డౌనింగ్, టిప్టన్‌ల జంట గిటార్లు. ఇద్దరూ ఒకే వరసను రెండు స్వరాల దూరంలో కలిసి వాయించి, ఆపై సోలోలో ఒకరి తరువాత ఒకరు విడిపోయే ఆ పద్ధతిని ఎన్ని బ్యాండ్లు నేర్చుకున్నాయో మీకు తెలియనిది కాదు. పేరు తెచ్చినవాడిది కాదు, ఆ పేరుతో ఉండి కష్టపడినవాడిది.

ఇనుపరథం

ఉండి కష్టపడినవాడిది. సరిగ్గా నేను చెబుతున్నదీ అదే. డౌనింగ్ 2011 తరువాత ఉండలేదు.

మంద్రస్థాయి

నలభై ఏళ్ళు ఉన్నాక వెళ్ళడమూ, మూడేళ్ళు ఉండి వెళ్ళడమూ మీకు ఒకటేనా?

ఇనుపరథం

వెళ్ళడం వెళ్ళడమే.

శీతలధ్వని

ఇటువంటి తగవులు కోర్టుకు కూడా వెళ్ళాయి. నార్వే బ్యాండ్ గోర్గొరోత్‌లో గాయకుడు, బాస్ గిటారిస్టు ఒక పక్కకు చేరి, గిటారిస్టు ఇన్ఫెర్నస్‌ను బయటికి పంపామన్నారు. 2009లో ఓస్లో కోర్టు పేరు ఇన్ఫెర్నస్‌దేనని తేల్చింది, ఆ ఇద్దరూ వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది. మరోవైపు ఇటలీలో 2011లో గిటారిస్టు లూకా తురిల్లి రాప్సొడీ ఆఫ్ ఫైర్ బ్యాండ్ నుంచి సామరస్యంగా విడిపోయి, తన పేరు ముందు పెట్టి 'లూకా తురిల్లీస్ రాప్సొడీ' అన్నారు. రెండు బ్యాండ్లూ నడిచాయి. 'కేకేస్ ప్రీస్ట్' అన్న కూర్పు అచ్చంగా ఆ అచ్చులోదే.

జంటతీగలు

శీతలధ్వని గారి రెండో ఉదాహరణలో 'సామరస్యంగా' అన్న మాటే అసలు తేడా. అక్కడ రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఇక్కడ అటువంటి ఒప్పందం ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

పిక్‌ముక్క

పేరు సంగతి అటుంచండి. మొదటి ఆల్బమ్ శీర్షికలో 'సిన్నర్', రెండో ఆల్బమ్ శీర్షికలోనూ 'సిన్నర్'. అది 1977 నాటి ప్రీస్ట్ పాట. మొదటి ఆల్బమ్‌లో ఒక పాట ఏకంగా 'రిటర్న్ ఆఫ్ ది సెంటినల్'. 1984 నాటి 'ది సెంటినల్' పాటకు కొనసాగింపు. కొత్త బ్యాండ్ పెట్టినవాడు ఒక్క కొత్త ఊహనైనా వెంట తెచ్చుకోవద్దా?

మంద్రస్థాయి

పిక్‌ముక్క గారూ, 'సిన్నర్' పాటలో ఆ సుదీర్ఘమైన సోలో వాయించింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. తన సోలోను తాను తలుచుకుంటే అది ఊహ లేకపోవడం అవుతుందా?

ఇప్పటిదాకా నేను సొంత విషయం చెప్పకూడదనుకున్నాను. చెప్పక తప్పేట్టు లేదు. నేను పదకొండేళ్ళు ఒక బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించాను. మా నాన్నగారు మంచాన పడినప్పుడు ఆరు నెలలు ఆగమని అడిగాను. సరేనన్నారు. నాలుగో నెలలో మరొకరిని తీసుకున్నారని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. తరువాతి ఏడు ఒకసారి వాళ్ళ కచేరీ జరుగుతున్న హాలు బయట నిలబడి, తలుపు సందులోంచి నా రిఫ్ విన్నాను. ఆ అబ్బాయి దాన్ని కిందికీ పైకీ కొడుతున్నాడు. నేను అన్నీ కిందికే కొట్టేలా కూర్చాను. అరచేతి అంచును బ్రిడ్జి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీ) మీద ఆనించి, తీగ గొంతు సగం నొక్కి, వరసగా పదహారు దెబ్బలు, అన్నీ కిందికే. మణికట్టు మండిపోతుంది. కానీ ఆ బరువు అలా కొడితేనే వస్తుంది. పైకి ఒక్క దెబ్బ తగిలినా రిఫ్ నీళ్ళోడిపోతుంది. ఆ హాలులో ఉన్న ఎవరికీ ఆ తేడా తెలియలేదు, చప్పట్లు కొట్టారు. ఆ పేరు, ఆ రిఫ్ నావి కావని నాతో ఎవరైనా అంటే వాళ్ళకు నేను మర్యాదగా జవాబు చెప్పలేను.

ఇనుపరథం

మీకు జరిగింది అన్యాయమే. అయితే మీ గాయానికి కట్టవలసిన కట్టును తెచ్చి డౌనింగ్‌కు కడుతున్నారు. మిమ్మల్ని తప్పించారు, ఆయన రాజీనామా చేశారు. ఈ తేడా మీకు కనబడకపోతే చర్చించి ప్రయోజనం లేదు.

మంద్రస్థాయి

రాజీనామా అని మీరంటున్నారు. 2011లో బ్యాండ్ చెప్పింది 'రిటైర్మెంట్' అని. డౌనింగ్ తన ప్రకటనలో చెప్పింది, బ్యాండ్‌లో కొందరితో, ముఖ్యంగా మేనేజ్‌మెంట్‌తో, సంబంధాలు చెడిపోయాయని. మనిషి ఊపిరాడక బయటికి వస్తే దానికి మీరు పెట్టే పేరు రాజీనామా! బ్యాండ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు, వేదిక ముందు నిలబడి చప్పట్లు కొట్టడమే ఎరిగినవాళ్ళు, ఇలాగే తీర్పులు చెబుతారు.

ఇనుపరథం

బ్యాండ్ అంటే ఏమిటో నాకు తెలియదా? సరే, వినండి. నేను పధ్నాలుగేళ్ళుగా ఒకే బ్యాండ్‌లో ఉన్నాను. వరసగా తొమ్మిది కచేరీలు ఒప్పుకున్నాక, మొదటిదానికి పదకొండు రోజుల ముందు మా లీడ్ గిటారిస్టు ఫోనులో ఒక వాక్యం పంపి వెళ్ళిపోయాడు. అతని సోలోలు నేను రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్నాను; నా వేళ్ళకు అందనివి రెండు పాటలు వదిలేశాం. సగం ఖాళీగా ఉన్న హాళ్ళలో వాయించాం. అద్దె వ్యాను అప్పు తీర్చడానికి నా రెండో గిటార్ అమ్మాను. ఆ తరువాత మూడేళ్ళకు అతను కొత్త బ్యాండ్ పెట్టాడు. పోస్టరు మీద అతని కొత్త బ్యాండ్ పేరు కన్నా మా బ్యాండ్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, దాని ముందు చీమంత సైజులో 'మాజీ'. మా కచేరీకి వచ్చినవాళ్ళు, ఈరోజు అతను వాయిస్తాడా అని నన్నే అడిగారు.

వెళ్ళినవాడి గాయం గురించి అందరూ పుస్తకాలు రాస్తారు. డౌనింగ్ కూడా 2018లో రాశారు. ఉండిపోయినవాడు ఆ సాయంత్రం వ్యాను ఎక్కాడని ఎవరూ రాయరు.

సగంశ్రుతి

ఇద్దరూ కాస్త నిదానించండి.

జంటతీగలు

నేను అడిగింది పేరు గురించి. ఇప్పుడు చదువుతుంటే మీ ఇద్దరి తగవు పేరు దగ్గర లేదనిపిస్తోంది. 2018 ఫిబ్రవరిలో గ్లెన్ టిప్టన్ తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని ప్రకటించి, టూర్‌లో పూర్తిగా వాయించలేనన్నప్పుడు, ఆ స్థానానికి బ్యాండ్ తమ ఆల్బమ్ నిర్మాత ఆండీ స్నీప్‌ను పిలిచింది, డౌనింగ్‌ను పిలవలేదు. పిలవనందుకు బాధపడ్డానని ఆయన బహిరంగంగానే చెప్పారు. తాను రెండు రాజీనామా లేఖలు పంపానని, మొదటిది మర్యాదగా ఉందని, రెండోది కోపంతో రాసినదని కూడా ఆయనే చెప్పారు. కొత్త బ్యాండ్ ప్రకటన వచ్చింది దీని తరువాత రెండేళ్ళకు. వెళ్ళినవాడికి తలుపు తీసి ఉంచాలా వద్దా అన్నదే మీ ఇద్దరి మధ్య ఉన్న ప్రశ్న కాదా?

ఇనుపరథం

అదే అయితే, నా జవాబు వద్దు అని. రెండో లేఖ రాసినవాడికి వద్దు.

మంద్రస్థాయి

తలుపు తీయకపోతే మనిషి పక్కన ఇంకో ఇల్లు కట్టుకుంటాడు. దాని ముందు తనకు తెలిసిన పేరే రాసుకుంటాడు. వేరే పేరు అతనికి ఎక్కడి నుంచి వస్తుంది?

పాతరికార్డు

2022 నవంబరులో లాస్ ఏంజిలస్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకలో తలుపు ఒక్క రాత్రికి తెరుచుకుంది. డౌనింగ్, టిప్టన్, ఫాక్నర్ ముగ్గురూ ఒకే వేదిక మీద వాయించారు, లెస్ బింక్స్ కూడా ఉన్నారు. మరుసటి ఏడు జులైలో డౌనింగ్ వుల్వర్‌హాంప్టన్‌లోని తన సొంత హాలులో కేకేస్ ప్రీస్ట్ మొదటి కచేరీ ఇచ్చారు.

పిక్‌ముక్క

ఆ వేడుక వీడియో చూశాను. మూడు పాటలను కలిపి కుట్టి చప్పున ముగించారు. నేను చూసిందల్లా డౌనింగ్, టిప్టన్ పక్కపక్కకు వస్తారా అని.

ఇనుపరథం

మంద్రస్థాయి గారూ, వేదిక ముందు చప్పట్ల మాట మీరు వెనక్కి తీసుకోనక్కరలేదు, నేనూ తక్కువేమీ అనలేదు. పేరు విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఒకటి అడగాలని ఉంది. మీ రిఫ్ ఏ ట్యూనింగ్‌లో ఉంది?

మంద్రస్థాయి

ఆరో తీగను మాత్రం ఈ నుంచి డీకి దించాలి, మిగిలినవి మామూలే. వేగం నిమిషానికి 168. మొదటి నాలుగు దెబ్బలు తీగ ఖాళీగా, తరువాత మూడో మెట్టు, అయిదో మెట్టు, మళ్ళీ ఖాళీ. పైకి మాత్రం కొట్టకండి.