గరాజ్ తలుపు స్ప్రింగ్ తెగింది, నేనే మార్చుకోవచ్చునా?

ప్రశ్న:
అన్నలకు, అక్కలకు నమస్తే. హనుమకొండ నుంచి ఒహాయోకు కొత్తగ వచ్చినం, పాత ఇల్లు కొన్నం. గరాజ్ తలుపు 9 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. రెండు దిక్కుల పట్టాల వెంట పొడుగు స్ప్రింగులున్నయి. ఎడమ దిక్కుది తెగి వేలాడుతున్నది. మోటర్ నొక్కితే తలుపు వంకరగ లేచి ఆగిపోతున్నది.

జవాబు 1:
తమ్మీ, ముందుగాల మోటర్ ప్లగ్గు పీకెయ్. తలుపు బరువు మోసేది మోటర్ కాదు, స్ప్రింగులే. హనుమకొండ చౌరస్తల దుకాణం షట్టర్ చేత్తోని లేస్తదంటే పైన పైపుల ఉన్న స్ప్రింగుల పుణ్యమే కదా, ఇదీ గదే లెక్క. ఒక స్ప్రింగు లేకుండ మోటర్ నడిపితే లోపలి గేర్ పండ్లు అరుగుతయి, తలుపు పట్టాలల్ల ఇరుక్కుంటది.

ఈ రకం స్ప్రింగు తలుపు మూసినప్పుడు నిండ సాగి ఉంటది, తెరిస్తే వదులయితది. మూసి ఉన్నప్పుడు దాని కొక్కెం అస్సలు ముట్టకు. తలుపు కిందికి ఉన్నప్పుడే మోటర్ పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడు గుంజి మోటర్ నుంచి విడదియ్యి. ఇద్దరు చెరో పక్క పట్టి సమానంగ పైకి లేపాలె. మొత్తం తెరుచుకున్నంక రెండు పట్టాలకూ, కింది రోలర్‌కు ఆనించి దాని కిందనే లాకింగ్ ప్లయర్లు (ఒకసారి బిగిస్తే చెయ్యి తీసినా పట్టు వదలని పట్టకార్లు) గట్టిగ బిగియ్యి. తలుపు కింద నిచ్చెన కూడ ఆసరా పెట్టు.

విప్పే ముందు కేబుల్ తొవ్వ ఫోటో తీసుకో. తలుపు అడుగు నుంచి పైకి పోయి, పట్టా మూలకున్న పుల్లీ మీంచి, స్ప్రింగుకున్న పుల్లీ చుట్టు తిరిగి వచ్చి, పట్టా బద్దెకు కొక్కెంతోని తగులుకుంటది. పుల్లీని వేలితోని తిప్పి చూడు. గరగర అన్నా, పక్కకు ఊగినా బేరింగ్ పోయినట్టే, మార్చెయ్. కేబుల్ ఎక్కువగ అడుగునే పాడయితది. చలికాలం కారు టైర్లతోని వచ్చే ఉప్పునీళ్లకు తుప్పు పట్టి పోగులు లేస్తయి. ఒక్క పోగు తెగి కనిపించినా రెండు కేబుళ్లూ కొత్తవి వెయ్యి.

స్ప్రింగు లోపల్నుంచి ఇంకో సన్నని కేబుల్ పోవాలె, రెండు కొసలూ గట్టిగ కట్టి ఉండాలె. స్ప్రింగు తెగితే ముక్కలు ఎగిరి తలకు తగలకుంట ఆపేది అదే. పాత ఇండ్లల్ల చానా తలుపులకు ఇది ఉండది. నీకు లేకపోతే తప్పకుండ కొను.

జవాబు 2:
ఒక్కటే తెగినా రెండూ మార్చాలె. రెండోది కూడ అంతే వాడకం చూసింది. పైగా కొత్తది ఒక్కటే వేస్తే తలుపు ఒక దిక్కు గుంజుతది.

సైజు రంగును బట్టి దొరుకుతది. స్ప్రింగు కొసకు పసుపు ఉంటే 130 పౌండ్లు, నీలం 140, ఎరుపు 150. అది తలుపు మొత్తం బరువు, జత స్ప్రింగులకు కలిపి. 140 పౌండ్ల తలుపుకు నీలం రంగువి రెండు, 70వి కాదు. ఇక్కడ కొత్తోళ్లు చానామంది పొరపడుతరు.

రంగు పోయి ఉంటే తలుపును తూచాలె. స్ప్రింగులు రెండూ విప్పినంక ముగ్గురు పట్టుకుని మెల్లగ దించి, నడుమ బాత్రూం కాటా మీద ఆనించండి. దించేటప్పుడు వేళ్లు పలకల సందుల పెట్టొద్దు. 7 అడుగుల తలుపుకు సాధారణంగ 25 అంగుళాల స్ప్రింగు వస్తది, అయినా వదులుగ ఉన్నప్పుడు పాతదాన్ని కొలిచే కొను.

తమ్ముడు మళ్లీ:
మా పక్కింటోళ్లకు స్ప్రింగు తలుపు పైన గోడకు అడ్డంగ రాడ్డు మీద ఉన్నది. అదీ గిట్లనేనా?

జవాబు 1:
కాదు, దాన్ని ముట్టొద్దని చెప్పు. 7 అడుగుల తలుపుకు ఆ స్ప్రింగును దాదాపు ఏడున్నర చుట్లు తిప్పి బిగిస్తరు. దాని బోల్టు వదులు చేస్తే ఆ బలమంత ఒక్కసారి తిరుగుతది. స్క్రూడ్రైవర్ పెట్టి ఆపబోతే చెయ్యి ఇరుగుతది. మెకానిక్‌ను పిలిచి, వేసే స్ప్రింగు 10,000 సార్లు తెరిచి మూసేదాక వచ్చేదా ఇంకా ఎక్కువదా అని అడగమను. రోజుకు నాలుగుసార్లు తెరిచి మూస్తే 10,000 సార్లది ఏడేండ్లకు దగ్గర వస్తది.

ఇగ నీ తలుపు. స్ప్రింగులు తగిలించినంక ప్లయర్లు తీసి చేత్తోని మెల్లగ దించు. నడుం ఎత్తుల వదిలెయ్, అక్కడ్నే నిలవాలె. కిందికి జారితే తలుపు మళ్ల తెరిచి, ప్లయర్లు బిగించి, రెండు దిక్కులా కొక్కెం ఒక్కొక్క రంధ్రం వెనకకు జరుపు. పైకి లేస్తే ఒక్కొక్కటి వదులు చెయ్యి. మూసినప్పుడు ఒక మూల నేలకు ఆనకపోతే, మళ్ల తెరిచి ప్లయర్లు బిగించినంకనే ఆ దిక్కు కేబుల్ పొడవు సరిజెయ్యి.

తలుపు నిలిచినంకనే మోటర్ కలుపు. నేల మీద ఒక కట్టె పడుకోబెట్టి మూసి చూడు, తగలంగనే తలుపు వెనకకు పైకి పోవాలె. పోకపోతే పిల్లలను దాని దగ్గరికి రానియ్యకు, మోటర్ సెట్టింగు సరి చేసేదాక చేత్తోనే వాడు.