కూల్‌డ్రింక్ తాగిన రెండు గంటలకి షుగర్ నార్మల్‌గానే ఉంటోంది. మరి తాగితే ఏమైనట్టు?

సందేహి:
ఫాస్టింగ్ 108, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9. మందులేమీ లేవు. రోజూ మధ్యాహ్నం ఖాళీ కడుపున 330 మి.లీ. కోలా టిన్ను ఒకటి, సాయంత్రం 250 మి.లీ. ప్యాకెట్ ఆరెంజ్ జ్యూస్, "చక్కెర కలపలేదు" అని రాసి ఉన్నది. కోలా తాగిన రెండు గంటలకి మీటర్లో 115, 120 మధ్య వస్తోంది. 140 లోపు నార్మలే కదా? జ్యూస్ కూడా లెక్కలోకి వస్తుందా?

చిటికెనవేలు:
మీటరు సరిగ్గానే చెబుతోంది, మీరు చూసే టైమే సరైంది కాదు. 140 అనే గీత ల్యాబ్‌లో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండో గంటకి చూసేటప్పటిది. కోలా టిన్నులో ఉండేది దాదాపు 35 గ్రాముల చక్కెర, అందులో గ్లూకోజ్ సుమారు సగం. అంటే ఆ పరీక్ష డోసులో నాలుగో వంతుకి కూడా అదే గీత పెట్టి పాసైపోయామనుకుంటున్నారు.

పైగా అది ద్రవం. పీచు లేదు, కొవ్వు లేదు, కడుపులో ఎక్కువసేపు ఆగదు. షుగర్ సాధారణంగా అరగంట నుంచి గంట లోపల పైకెక్కి, ఇన్సులిన్ గట్టిగా పనిచేస్తే రెండు గంటలకి దిగిపోతుంది. మీకు కనబడుతున్నది ఎక్కి దిగిన తర్వాతి అంకె.

నిజంగా చూడాలంటే ఐదు స్ట్రిప్పులు పక్కన పెట్టుకోండి. తాగేముందు ఒకటి, మొదటి గుక్క నుంచి లెక్కపెట్టి 30, 60, 90, 120 నిమిషాలకి ఒక్కోటి. టిన్ను పది నిమిషాల్లో ముగించాలి, మధ్యలో ఏమీ తినకూడదు, నడకకి వెళ్ళకూడదు (నడిస్తే షుగర్ తగ్గిపోయి పరీక్షే చెడుతుంది). ప్రతిసారీ చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. వేలికి కోలా చుక్కో, పండు రసమో అంటుకుని ఉంటే మీటరు బాగా ఎక్కువ చూపిస్తుంది, స్పిరిట్ దూదితో తుడిచినంత మాత్రాన అది పోదు. ఇంకోటి, ఇంట్లో వాడే మీటర్లకి 15 శాతం అటూ ఇటూ తేడా ప్రమాణాల్లోనే అనుమతించారు. 150 అని చూపిస్తే అసలుది 130 కావచ్చు, 170 కావచ్చు. ఐదారు పాయింట్ల తేడాకి అర్థాలు వెతక్కండి.

లివర్‌పక్షం:
ఆ ఐదు రీడింగులూ బాగా వచ్చినా కోలాకి క్లీన్‌చిట్ ఇవ్వడానికి లేదు. మీటరుకి తెలిసింది గ్లూకోజ్ ఒక్కటే. చక్కెరలో రెండో సగం ఫ్రక్టోజ్, అది స్ట్రిప్పు మీద కనబడదు.

లివర్ కణంలో శక్తి సరిపడా ఉంటే గ్లూకోజ్ వాడకాన్ని ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ నెమ్మదింపజేస్తుంది. ఫ్రక్టోజ్ ఈ కాపలాని తప్పించుకుని, దాని కింది మెట్టులో లోపలికి దిగుతుంది. అందుకని అవసరం ఉన్నా లేకపోయినా ఖర్చవుతూనే ఉంటుంది, మిగులు కొవ్వుగా మారుతుంది. ఈ హడావిడిలో కణానికి ఇంధనమైన ఏటీపీ వేగంగా కరిగి, యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట సరిగా వినదు, రాత్రంతా గ్లూకోజ్ వదులుతుంది, పొద్దున్న ఫాస్టింగ్ ఎక్కువ వస్తుంది. మీ 108కి ఇదొక్కటే కారణమని అనను. కానీ మీటరు పక్కన పెట్టి ఫాస్టింగ్ ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు, 150 దాటాయా), ఏఎల్‌టీ (లివర్ పరీక్ష), యూరిక్ యాసిడ్, నడుము కొలత చూసుకోండి. కోలా జాడ దొరికేది అక్కడే.

జ్యూస్ కచ్చితంగా లెక్కలోకి వస్తుంది. ఆ గ్లాసులో 20 నుంచి 25 గ్రాముల చక్కెర ఉంటుంది. కలపకపోయినా పండులోది ఉందిగా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో జ్యూస్‌లోని చక్కెరనీ తేనెనీ కూడా విడి చక్కెర కిందే కట్టింది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి రోజు పరిమితి 50 గ్రాములు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. మీ టిన్ను, గ్లాసు కలిపితేనే 50 దాటుతోంది.

సందేహి:
అర్థమైంది. జీరో కోలాకి మారితే? లేదా భోజనంతో పాటు తాగితే?

లేబుల్‌చూడు:
భోజనంతో తాగితే పైకెక్కడం కాస్త నెమ్మదిస్తుందేమో గానీ గ్రాములు ఎక్కడికీ పోవు. ద్రవంలో వచ్చిన కేలరీలకి కడుపు నిండినట్టు పెద్దగా ఉండదు, తిండి తగ్గదు.

జీరో కోలా షుగర్ పెంచదు, మానడానికి మెట్టుగా పనికొస్తుంది. బరువు తగ్గడానికి ఇలాంటి స్వీటెనర్ల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్ళకి ఆ సూచన వర్తించదని కూడా అందులోనే ఉంది. చివరికి చేరాల్సింది నీళ్ళు, ఉత్త సోడా, చక్కెర లేని టీ, కాఫీల దగ్గరికే.

ఐస్‌టీ, ఎనర్జీ డ్రింకు, స్పోర్ట్స్ డ్రింకులకి మారి తప్పించుకున్నామనుకోకండి. లేబుల్ మీద "100 మి.లీ.కి" ఉన్న అంకెని సీసా మొత్తానికి గుణించండి. 10.6 అని ఉంటే అరలీటరు సీసాలో 53 గ్రాములు. మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి చేసే పొడి) ఉంటే "చక్కెరలు" వరసలో చాలావరకు కనబడదు, షుగర్ మాత్రం గ్లూకోజ్ లాగే పెంచుతుంది. మొత్తం కార్బోహైడ్రేట్ వరస చూడండి.

చిటికెనవేలు:
ఇది చదివే వాళ్ళలో ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్ళు ఉంటే ఒక్క మాట. షుగర్ 70 కంటే తగ్గినప్పుడు జీరో కోలా ఎందుకూ పనికిరాదు. మామూలు కోలా 150 మి.లీ. తాగితే సుమారు 15 గ్రాములు అందుతుంది. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసి, ఇంకా 70 లోపే ఉంటే అంతే మళ్ళీ తాగాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి వాటితో పాటు అకార్బోస్, వోగ్లిబోస్ అనే మందులు కూడా వేసుకునేవాళ్ళకి కోలా, చక్కెర నమ్ముకోదగ్గవి కావు. చక్కెరని విడగొట్టే ఎంజైమ్‌నే ఆ మందులు ఆపుతాయి. వాళ్ళ దగ్గర గ్లూకోజ్ పొడో బిళ్ళలో ఉండాలి. స్పృహ తప్పిన మనిషికి మాత్రం నోట్లో ఏదీ పోయకండి, అంబులెన్స్ పిలవండి.