పక్షవాతం పేషెంట్‌ను 108 ఎక్కడికి తీసుకుపోవాలి?

ఏటూరునాగారం కుర్రోడు:
మా ఊళ్లో ఒకాయనకు పొద్దున్నే మూతి వంకర పోయింది, ఎడమ చెయ్యి లేవట్లేదు. 108 వచ్చింది. బండివాళ్లు దగ్గర్లోని ఆసుపత్రికి అన్నారు, ఇంటోళ్లు వరంగల్ అన్నారు, అల్లుడేమో ఫోన్‌లో నేరుగా హైదరాబాద్ అన్నాడు. ఈ పంచాయితీ తెగేదాకా బండి వాకిట్లోనే ఉంది. ఎవరి మాట చెల్లాలి?

నైట్ డ్యూటీ:
నా ఓటు వరంగల్‌కే. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డుపడ్డా, నాళం చిట్లినా పైకి ఒకేలా కనిపిస్తుంది. ఏదో తేల్చేది సీటీ స్కానే. అది తీయకుండా గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, చిట్లిన మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. నిద్రలో వచ్చిందంటే, లేచినప్పటి నుంచి కాదు, చివరిసారి బాగున్నప్పటి నుంచి లెక్క. స్కాన్ లేని చోట దిగితే సెలైన్ పెట్టి, రెఫర్ చీటీ రాసి, మళ్లీ బండెక్కించేసరికి ఆ గడువు కాస్తా కరిగిపోతుంది.

కాజీపేట జంక్షన్:
అట్లయితే హైదరాబాదే నయం కదా? పెద్ద నాళం మూసుకుంటే ఇంజెక్షన్ ఒక్కటే చాలదు, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగాలి. దానికి మామూలుగా 6 గంటలు, మెదడులో కాపాడగలిగే భాగం ఇంకా ఉందని స్కాన్‌లో తేలితే కొందరికి 24 గంటల దాకా టైముంటుంది. ఒకేసారి పోతే పోలా?

నైట్ డ్యూటీ:
సరిగ్గా ఇదే స్పెయిన్‌లోని కాటలోనియాలో పరీక్షించారన్నా. పెద్ద నాళం మూసుకుందని అనుమానమున్న వాళ్లలో కొందరిని దగ్గరి స్ట్రోక్ (పక్షవాతం) సెంటర్‌కు, కొందరిని నేరుగా గడ్డ లాగే చోటికి పంపారు. 2022లో ఫలితాలు వచ్చాయి: 90 రోజుల తర్వాత కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాకపోతే అక్కడ దగ్గరి సెంటర్ అంటే స్కాన్, ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్నదే. మన దగ్గర బోర్డు చూసి నమ్మితే కష్టం. బండిలో టెక్నీషియన్ ఎలాగూ ముందు షుగర్ చూడాలి, షుగర్ పడిపోయినా మాట ఇట్లాగే ముద్దగా వస్తుంది. ఆలోపే ఎవరో ఒకరు ఫోన్ చేసి రెండే ముక్కలు అడగాలి: స్కాన్ ఇప్పుడు నడుస్తోందా, ఇంజెక్షన్ ఉందా? దార్లో ఔనన్న మొదటి చోటే మన ఆసుపత్రి. పెద్ద నాళం మూసుకుందని అక్కడ తేలితే అప్పుడు హైదరాబాద్.

ఏటూరునాగారం కుర్రోడు:
ఇంటోళ్లు వినకపోతే? డబ్బుల టెన్షన్ కూడా ఉంటది. సర్కారుదా, ప్రైవేటుదా అని అక్కడే ఇంకో పంచాయితీ.

కాజీపేట జంక్షన్:
స్కాన్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ ఫోన్ పని బండివాళ్ల నెత్తిన వేయొద్దు. ఒకరు పేషెంట్‌ను చూడాలి, ఒకరు బండి నడపాలి. ఏ ఊళ్లో ఏ స్కాన్ పని చేస్తోందో కంట్రోల్ రూమ్ దగ్గర ప్రతి షిఫ్టుకూ కొత్త లిస్టు ఉండాలి. వాళ్లు చెప్తే అల్లుడు కూడా నోరెత్తడు.