ఎల్‌ఎల్‌జెడ్‌ఓ పెల్లెట్‌లో 28.6 డిగ్రీల దగ్గర అదనపు పీక్, కండక్టివిటీ 10⁻⁶ స్థాయి దాటడం లేదు

పెల్లెట్_ప్రశ్న:

సాలిడ్ స్టేట్ లిథియం బ్యాటరీ పని కోసం టాంటలమ్ కలిపిన ఎల్‌ఎల్‌జెడ్‌ఓ (లిథియం లాంథనం జిర్కోనియం ఆక్సైడ్, గార్నెట్ నిర్మాణం ఉన్నది) సిరామిక్ చేస్తున్నాం. ఫార్ములాలో లిథియం 6.4, లాంథనం 3, జిర్కోనియం 1.4, టాంటలమ్ 0.6, ఆక్సిజన్ 12. బ్యాచ్ 20 గ్రాములు. తూకాలు ఇవి: లిథియం హైడ్రాక్సైడ్ మోనోహైడ్రేట్ 6.64 గ్రా. (10 శాతం అదనం కలిపి), లాంథనం ఆక్సైడ్ 10.99, జిర్కోనియా 3.88, టాంటలమ్ ఆక్సైడ్ 2.98. అన్నీ సీసాల్లోంచి తీసి నేరుగా తూచినవే.

ఐసోప్రొపనాల్‌లో జిర్కోనియా బంతులతో 12 గంటలు మిల్లింగ్, 900 డిగ్రీల్లో 12 గంటలు కాల్సినేషన్ (పొడిగానే కాల్చడం). తర్వాత 2 శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) నీటి ద్రావణం బైండర్‌గా కలిపి, ఆరబెట్టి, 10 మి.మీ. డైలో 5 టన్నులతో నొక్కాను. అల్యూమినా బోటులో పెట్టి 1150 డిగ్రీల్లో 12 గంటలు సింటరింగ్ (నొక్కిన పెల్లెట్‌ను గట్టిపడేలా కాల్చడం). మూత లేదు.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రే వివర్తనం) 16.7, 30.8 డిగ్రీల పీక్‌లు చీలకుండా ఒంటిగానే ఉన్నాయి కాబట్టి మాకు కావలసిన క్యూబిక్ ఫేజ్ (ఘనాకార స్ఫటిక రూపం) వచ్చిందనే అనుకుంటున్నాను. కానీ 28.6 దగ్గర గట్టి పీక్ ఒకటి అదనంగా ఉంది. పెల్లెట్ బరువు 1.02 గ్రా., వ్యాసం 9.2 మి.మీ., మందం 3.45 మి.మీ. సైద్ధాంతిక విలువ 5.1 గ్రా./ఘ.సెం.మీ.తో పోలిస్తే డెన్సిటీ 87 శాతం. వారం డెసికేటర్‌లో ఉంచి, గోల్డ్ స్పటరింగ్ చేసి (బంగారు పొర పూసి) ఇంపెడెన్స్ తీస్తే 215 కిలో ఓమ్‌లు, అంటే 2×10⁻⁶ సీమెన్స్/సెం.మీ. రెండు పెల్లెట్లకు పైన టోపీలా పొర ఊడింది. సింటరింగ్ 1230కి పెంచితే సరిపోతుందా?

కొలిమి_కాపరి:

ఇప్పుడే పెంచకండి. మూత లేకుండా 1230కి వెళ్తే ఆ పీక్ ఇంకా పెరుగుతుంది.

28.6 దగ్గర ఉన్నది లాంథనం జిర్కొనేట్. అది రెండు దారుల్లో వస్తుంది, మందు వేరు కాబట్టి ఏ దారో ముందు తేల్చుకోవాలి. మొదటిది అందరికీ తెలిసిందే: సింటరింగ్‌లో లిథియం ఆవిరైపోయి గార్నెట్ విరిగిపోవడం. రెండోది తూకంలో లాంథనం తగ్గడం. మీరు లాంథనం ఆక్సైడ్‌ను సీసాలోంచి నేరుగా తూచానన్నారు, నా అనుమానం అక్కడే. ఆ పొడి గాలిలోని తేమను లాక్కుని హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, కొంత కార్బనేట్ కూడా అవుతుంది. తెల్లటి పొడి తెల్లగానే ఉంటుంది, కంటికి తేడా తెలియదు. పూర్తిగా హైడ్రాక్సైడ్ అయిన పొడిలో అసలు ఆక్సైడ్ 86 శాతం కూడా ఉండదు. లాంథనం చాలకపోతే జిర్కోనియం మిగిలిపోతుంది. లిథియం ఉన్నంతసేపు అది లిథియం జిర్కొనేట్‌గా ఉంటుంది, లిథియం పోతున్నకొద్దీ లాంథనం జిర్కొనేట్‌గా తేలుతుంది.

తేల్చుకోవడానికి రెండు పరీక్షలు. ఒకటి, పెల్లెట్‌ను రెండు వైపులా 400 నంబరు సిలికాన్ కార్బైడ్ కాగితంతో నీళ్లు తగలకుండా 0.3 మి.మీ. చొప్పున అరగదీసి మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీయండి. పీక్ బాగా తగ్గితే నష్టం ఉపరితలంలోనే, అంటే లిథియం ఎగిరిపోయింది. లోపలా అంతే ఉంటే తప్పు తూకంలో ఉంది. రెండు, అదే సీసాలోంచి 2 గ్రాములు తూచి 900 డిగ్రీల్లో 12 గంటలు ఉంచండి. 200 డిగ్రీలకు దిగగానే తీసి, డెసికేటర్‌లో చల్లార్చి వెంటనే తూచండి. 1.72 గ్రాములకు పడిపోతే అది పూర్తిగా హైడ్రాక్సైడే. 500 దగ్గర నీరు పోతుంది గానీ కార్బనేట్ పోవాలంటే ఇంకా పైకి వెళ్లాలి, అందుకే 900.

గార్నెట్_గది:

పైన చెప్పిన దానికి తోడు, ఈ విధానంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది పీవీఏ నీటి ద్రావణం. బేరియం టైటనేట్‌కో, అల్యూమినాకో అది చక్కగా పనిచేస్తుంది, ల్యాబ్‌లో అలవాటుగా చేయి అటే పోతుంది. ఎల్‌ఎల్‌జెడ్‌ఓకు మాత్రం నీరు శత్రువు. నీళ్లలో కలపగానే గార్నెట్‌లోని లిథియం బయటికొచ్చి ఆ చోట్లోకి ప్రోటాన్ వెళ్తుంది. బయటికొచ్చింది లిథియం హైడ్రాక్సైడ్, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి కార్బనేట్ అవుతుంది. తడిపిన పొడిలో పీహెచ్ కాగితం ముంచి చూడండి, ముదురు నీలం వస్తుంది. అదంతా మీ పెల్లెట్‌లో ఉండాల్సిన లిథియమే. బైండర్ తప్పదనుకుంటే ఇథనాల్‌లో కరిగించిన పీవీబీ (పాలీవినైల్ బ్యూటిరాల్) 1 శాతం వాడి, 600 డిగ్రీల్లో 2 గంటలు ఆగి కాల్చేయండి. 10 మి.మీ. పెల్లెట్‌కు అసలు బైండరే అక్కర్లేదు. పొడి మెత్తగా ఉంటే చాలు.

టోపీ ఊడడానికి కారణం 5 టన్నులు. 10 మి.మీ. డైలో అది 600 మెగాపాస్కల్ దాటిపోతుంది. లోపల ఇరుక్కున్న గాలి, ఒత్తిడి వదిలినప్పుడు పొడి వెనక్కి సాగడం, ఈ రెండూ కలిసి పొరను లేపేస్తాయి. 2 టన్నులు పెట్టండి, దాదాపు 250 మెగాపాస్కల్ వస్తుంది. ఒక నిమిషం ఉంచి, ఒత్తిడిని మెల్లగా దించండి.

ఇక అల్యూమినా బోటు. లిథియం దాన్ని తింటుంది, అల్యూమినియం మీ పెల్లెట్‌లోకి ఎక్కుతుంది. ఈ పదార్థం చరిత్రలోనే ఆ సంగతి ఉంది. 2007లో మురుగన్, తంగదురై, వెప్నర్ దీన్ని ప్రకటించినప్పుడు గది ఉష్ణోగ్రతలో కండక్టివిటీ 3×10⁻⁴ సీమెన్స్/సెం.మీ. వచ్చింది. ఆ క్యూబిక్ ఫేజ్ నిలబడడానికి క్రూసిబుల్ (కాల్చే పాత్ర) నుంచి చేరిన అల్యూమినియం కారణమని తర్వాతి పనిలో బయటపడింది. మీరు క్యూబిక్ కోసం టాంటలమ్ వేశారు, కాబట్టి లెక్కలేని అల్యూమినియం మీకు అనవసరం. మెగ్నీషియా క్రూసిబుల్ తీసుకోండి. అడుగున అదే కాల్సిన్డ్ పొడి పరచి, పెల్లెట్ పెట్టి, పైన కప్పి, మూత వేయండి. ఆ పొడిలో లిథియం ఇంకో 10 శాతం అదనంగా ఉండాలి, బరువు పెల్లెట్‌కు రెట్టింపు ఉండాలి. క్రూసిబుల్‌లో లిథియం ఆవిరి నింపేది అదే. ఒకసారి వాడిన పొడిలో లిథియం అయిపోతుంది, దాన్నే మళ్లీ పరిస్తే ప్రయోజనం లేదు. ఇలా చేశాక 1180 డిగ్రీలు, 4 గంటలతో మొదలుపెట్టండి.

నైక్విస్ట్_వక్రం:

లెక్కలు రెండు సరిచేసుకోవాలి.

5.1 అన్నది అల్యూమినియం కలిపిన రకానికి సరిపోయే విలువ. టాంటలమ్ బరువైన పరమాణువు. మీ ఫార్ములాకు, లాటిస్ (స్ఫటిక గడి) అంచు 12.93 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుంటే, 5.47 వస్తుంది. మీ పెల్లెట్ డెన్సిటీ 4.45, అంటే 81 శాతమే. ఇంత వదులుగా ఉంటే కణాల మధ్య మెడలు సరిగా కట్టుకోవు, అయాన్లకు దారి ఉండదు. 94 శాతం దాటేదాకా కండక్టివిటీ గురించి బెంగపెట్టుకోకండి. డెన్సిటీ కొలవడానికి ఆర్కిమిడీస్ పద్ధతికి (ద్రవంలో ముంచి తూచడం) వెళ్తే నీళ్లు వద్దు, ఐసోప్రొపనాల్ వాడండి.

రెండోది వైశాల్యం. 215 కిలో ఓమ్‌ల నుంచి 2×10⁻⁶ రావాలంటే మీరు డై వ్యాసం 10 మి.మీ. వేసి ఉండాలి. సింటరింగ్ తర్వాత ఉన్నది 9.2. సరిచేస్తే 2.4×10⁻⁶. ఇప్పటికి తేడా చిన్నదే గానీ, పెల్లెట్ బాగా కుదించుకుని 8.5కి వస్తే ఇదే తప్పు 28 శాతం తక్కువ చూపిస్తుంది.

వారం రోజులు డెసికేటర్‌లో ఉంచి కొలవడం కూడా ఇబ్బందే. సిలికా జెల్ తేమను పట్టుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోదు. పైన కార్బనేట్ పొర చేరాక దాని మీదే బంగారం పూస్తే ఆ పొర అడ్డంకినీ కలిపి కొలిచినట్టే. 400, 800, 1200 కాగితాలతో పొడిగా అరగదీసి అదే రోజు స్పటరింగ్ చేయండి. మంచి పెల్లెట్ వచ్చాక ఇంకొకటి ఎదురవుతుంది. 5×10⁻⁴ స్థాయిలో ఇంపెడెన్స్ గ్రాఫ్‌లోని బల్క్ (కణాల లోపలి భాగం) అర్ధవృత్తం 10 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. మీ యంత్రం 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగితే అర్ధవృత్తం కనిపించదు. అప్పుడు నిటారు గీత తన ఎడమ చివర అడ్డ అక్షాన్ని తాకేచోట మొత్తం రెసిస్టెన్స్ చదవండి, బల్క్ అని పేరు పెట్టకండి.

పెల్లెట్_ప్రశ్న:

రెండు పరీక్షలూ చేశాను. అరగదీశాక పీక్ కొంత తగ్గింది గానీ లోపలా ఉంది. లాంథనం ఆక్సైడ్ 2.000 గ్రాములు 1.774 అయింది. కాల్సిన్ చేసిన పొడి ఇంకా 12 గ్రాములుంది, నీళ్లు కలపనిది. పారేయాలా?

కొలిమి_కాపరి:

పారేయకండి. నష్టం 11.3 శాతం, అంటే 10.99లో 1.24 గ్రాముల ఆక్సైడ్ మీకు పడలేదు. మీ బ్యాచ్ కాల్సినేషన్ తర్వాత సుమారు 19 గ్రాములు ఉంటుంది. 12 గ్రాముల వాటాకు 0.78 గ్రా. లాంథనం ఆక్సైడ్ కలపాలి. 900లో ఆరబెట్టినదాన్నే తూచండి, కొలిమిలోంచి తీశాక గంటలోపు వాడేయండి. కాల్సినేషన్‌లో పోయినదానికి బదులుగా లిథియం హైడ్రాక్సైడ్ మోనోహైడ్రేట్ 0.19 గ్రా. వేయండి. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి, ఆ ధూళి ముక్కులోకి వెళ్తే మండిపోతుంది.

ఐసోప్రొపనాల్‌లో 6 గంటలు మిల్లింగ్, 900లో మళ్లీ 6 గంటలు. నొక్కే ముందే పొడికి ఎక్స్‌ఆర్‌డీ తీయండి. 28.6 దగ్గర నేల చదునుగా ఉంటేనే డై ముట్టుకోండి. పరుపు పొడికి ఈ 12 గ్రాముల్లోంచే 4 గ్రాములు పక్కన పెట్టి, లిథియం హైడ్రాక్సైడ్ మోనోహైడ్రేట్ 0.13 గ్రా. కలిపి విడిగా కాల్సిన్ చేసుకోండి. మిగిలిన దాంతో ఒక్కోటి 1 గ్రాము చొప్పున పెల్లెట్లు చేసి, మొదటిసారి రెండే కాల్చి చూడండి.